సమాజ ఆరోగ్య పరిశోధనలో సహాయక ఉద్యోగం: ఏ కార్యాలయాన్ని ఎంచుకోవాలి?

విశ్వవిద్యాలయాల ఉద్యోగ ప్రకటనల్లో అడ్మినిస్ట్రేటివ్ అసిస్టెంట్, ప్రాజెక్టు కోఆర్డినేటర్, ప్రోగ్రామ్ అసోసియేట్ వంటి హోదాలు చూడడానికి ఒకేలా ఉంటాయి గాని, ప్రజల మధ్యకు వెళ్లి, ప్రజలతో కలిసి చేసే ఆరోగ్య పరిశోధన దగ్గరికి వచ్చేసరికి ఆ హోదాల వెనుక ఉన్న పనులకు ఒకదానితో ఒకటి పొంతన ఉండదు. ఒకచోట రోజంతా బడ్జెట్ పట్టికలతోనే గడుస్తుంది. ఇంకొకచోట ఉదయం, పరిశోధన నైతికంగా ఉందో లేదో పరిశీలించే ఎథిక్స్ కమిటీకి ఫైలు పంపి, మధ్యాహ్నం ఒక కాలనీ పెద్దలతో సమావేశానికి కుర్చీలు వేయించి, సాయంత్రం ప్రయాణ ఖర్చుల రశీదులు సరిచూసుకోవాలి. అందువల్ల హోదాను, జీతాన్ని మాత్రమే పోల్చి నిర్ణయించుకోవద్దని నా సలహా. ఆ ఉద్యోగం ఏ కార్యాలయంలో ఉంది, అందులో చేరినవారికి ఏయే పనులు పూర్తి చేసే అధికారం ఉంది అన్న రెండు విషయాలూ ముందుగా తెలుసుకోవాలి. ఎందుకంటే పరిశోధకులు ప్రజలకిచ్చిన మాట చాలావరకు ఈ సిబ్బంది చేతుల మీదుగానే నెరవేరుతుంది, లేదా తప్పిపోతుంది.

ఈ మాటలో అతిశయోక్తి ఉందని అనిపిస్తే, అమెరికాలోని అలబామా రాష్ట్రంలో 1932 నుంచి 1972 వరకు సిఫిలిస్ అనే లైంగిక వ్యాధిపై సాగిన టస్కీగీ అధ్యయనాన్ని గుర్తుచేసుకోవాలి. అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సుమారు 600 మంది నల్లజాతి పురుషులను, వారిలో సిఫిలిస్ ఉన్న 399 మందిని, వారి జబ్బు సంగతి వారికి సరిగా చెప్పకుండా, దాన్ని నయం చేసే పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చిన తరువాత కూడా చికిత్స ఇవ్వకుండా గమనిస్తూ పోయింది. వైద్యులు మారుతూ వచ్చిన ఆ అధ్యయనం నలభై ఏళ్లు నిలబడడానికి సహాయక ఏర్పాట్లు ఎంతగానో తోడ్పడ్డాయి. పరీక్షలకు తీసుకువెళ్లి తిరిగి దింపడానికి కారు ఉండేది, పరీక్ష రోజున వేడి భోజనం ఉండేది, శవపరీక్షకు కుటుంబం ఒప్పుకుంటే అంత్యక్రియలకు డబ్బు అందేది. 1958లో ప్రశంసాపత్రంతో పాటు ఏడాదికి ఒక డాలరు చొప్పున 25 డాలర్లు ఇచ్చారు. యూనిస్ రివర్స్ అనే నర్సు వారి ఇళ్లకు వెళ్లి పలకరిస్తూ ఈ ఏర్పాట్లలో ఎక్కువ భాగం చూసుకునేవారు. రవాణా, పారితోషికం, పలకరింపు, ధ్రువపత్రం: నేటి సహాయక ఉద్యోగి చేసే పనులు కూడా సరిగ్గా ఇవే. వీటితో పెరిగే నమ్మకం ఎంత బలమైనదో, నిజం చెప్పని పరిశోధనకు అది తోడైతే ఎంత నష్టం జరుగుతుందో ఈ రంగంలోకి వచ్చేవారు మొదటి రోజే తెలుసుకొని ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. 1972లో ఆ వ్యవహారం పత్రికలకెక్కిన తరువాత అమెరికాలో 1974లో జాతీయ పరిశోధనా చట్టం, 1979లో మనుషులపై పరిశోధనకు నైతిక సూత్రాలు చెప్పిన బెల్మాంట్ నివేదిక వచ్చాయి. వైద్య పరిశోధనకు ప్రపంచ వైద్య సంఘం రూపొందించిన నైతిక సూత్రాలైన 1964 నాటి హెల్సింకి ప్రకటనకు 2024లో జరిగిన సవరణ, పాల్గొనేవారితోనూ వారి సమాజాలతోనూ పరిశోధనకు ముందు, జరుగుతుండగా, ముగిసిన తరువాత కూడా అర్థవంతంగా సంప్రదించాలని చెప్పింది. ఆ సంప్రదింపు జరగాలంటే ఎవరో ఒకరు తేదీ కుదర్చాలి, గది చూడాలి, దుబాసీని పిలవాలి, ఖర్చు మంజూరు చేయించాలి.

ఇక ఎంపికల సంగతికి వద్దాం. మొదటిది విశ్వవిద్యాలయపు కేంద్ర గ్రాంట్ల కార్యాలయం, అంటే పరిశోధనకు బయటి నుంచి వచ్చే నిధుల వ్యవహారం చూసేది. ప్రతిపాదనలు గడువులోగా వెళ్లేలా చూడడం, బడ్జెట్ నిబంధనల ప్రకారం ఉందో లేదో పరిశీలించడం, గ్రాంటులో కొంత డబ్బును, పనిని పంచుకునే భాగస్వామ్య సంస్థలతో ఉప ఒప్పందాలు రాయించడం ఇక్కడి పని. ఉద్యోగ భద్రత సాధారణంగా బాగుంటుంది, ఎందుకంటే ఒక ప్రాజెక్టు ముగిసినా కార్యాలయం ఉంటుంది. ప్రజల ముఖం కనబడదన్నది దీనికున్న లోటు. అలాగని ఇక్కడి పని ప్రజలకు దూరమైనదని అనుకోకూడదు. ఉదాహరణకు అమెరికా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) గ్రాంట్లలో పరోక్ష వ్యయం కింద, అంటే ఏ ఒక్క ప్రాజెక్టుకూ చెందని ఉమ్మడి ఖర్చుల కింద, పెద్ద విశ్వవిద్యాలయాలు ప్రభుత్వంతో బేరమాడి కుదుర్చుకున్న రేటు యాభై శాతం దాటిన సందర్భాలు చాలా ఉన్నాయి. అటువంటి ఒప్పందం లేని చిన్న సామాజిక సంస్థకు మాత్రం చాలాకాలం 10 శాతమే ఉండేది, 2024 అక్టోబరు 1 నుంచి దాన్ని 15 శాతం వరకు పెంచారు. కార్యాలయపు అద్దె, కరెంటు, లెక్కలు చూసే మనిషి జీతం ఆ కొద్ది శాతంలోంచే రావాలి. ఈ రేటును అడిగే హక్కు తమకుందని తెలియని చిన్న సంస్థకు ఆ విషయం చెప్పి బడ్జెట్‌లో చేర్పించగలిగేది గ్రాంట్ల కార్యాలయంలోని సిబ్బందే. అంకెల మీద పట్టు, నిబంధనలను ఓపికగా చదివే అలవాటు ఉన్నవారు ఇక్కడ నుంచే చాలా మేలు చేయగలరు.

రెండవది ఎథిక్స్ కమిటీ కార్యాలయం. దరఖాస్తులు తీసుకోవడం, పరిశోధనలో పాల్గొనేవారు ఒప్పుకుంటూ సంతకం చేసే సమ్మతి పత్రాల ప్రతులు ఏ సవరణ తరువాత ఏది చెల్లుతుందో గుర్తించి ఉంచడం, సమావేశాలకు సభ్యులను సమకూర్చడం, కొనసాగింపు సమీక్షల గడువు గుర్తుచేయడం ఇందులో ఉంటాయి. కొద్దికాలంలోనే అనేక పరిశోధనల నిర్మాణం అర్థం కావడం ఇక్కడి పెద్ద లాభం. ఏ ప్రాజెక్టు పక్షాన కూడా నిలబడకూడదు కాబట్టి, ఒక సమస్య కనబడినప్పుడు దాన్ని స్వయంగా సరిదిద్దే వీలు ఉండదు, ఎత్తిచూపడంతో ఆగిపోవాలి. కొందరికి ఈ తటస్థత తృప్తినిస్తుంది, కొందరికి ఊపిరాడనివ్వదు. తాను ఏ కోవకు చెందుతారో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

మూడవది పరిశోధనా కేంద్రం లేదా ప్రాజెక్టు కార్యాలయం. సమాజ ఆరోగ్య పరిశోధనలో పని చేయాలనుకునేవారు ఎక్కువగా ఊహించుకునే ఉద్యోగం ఇదే కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను. ప్రధాన పరిశోధకులకు, క్షేత్ర సిబ్బందికి, సమాజ సలహా మండలికి (పరిశోధన జరిగే సమాజం నుంచి వచ్చి సలహాలిచ్చేవారి బృందానికి), అకౌంట్స్ విభాగానికి మధ్య జరిగే ప్రతి వ్యవహారమూ ఈ బల్ల మీదుగానే పోతుంది. పని ఎంత సూక్ష్మంగా ఉంటుందో చూడడానికి ఒక చిన్న రశీదును తీసుకుందాం. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారితో ఒక చర్చా సమావేశం జరిగిందనుకోండి. వచ్చినవారికి ప్రయాణ ఖర్చు, వారు వెచ్చించిన సమయానికి పారితోషికం ఇవ్వాలి. డబ్బు ముట్టినట్టు పేరు, సంతకం, చిరునామా, ప్రాజెక్టు పేరు ఉన్న రశీదు కావాలని అకౌంట్స్ విభాగం అడుగుతుంది. పాల్గొన్నవారి వివరాలు పరిశోధనా బృందం దాటి బయటికి పోవని సమ్మతి పత్రంలో రాసి ఉంటుంది. ప్రాజెక్టు పేరులోనే జబ్బు పేరు ఉంటే, ఆ రశీదు అకౌంట్స్ విభాగంలోని ట్రేలో పడిన క్షణాన ఆ హామీ తప్పినట్టే.

ఎవరూ దురుద్దేశంతో చేసిన పని కాదిది. రెండు నియమాలు ఒకే కాగితం మీద ఢీకొన్నాయి, అంతే. పని తెలిసిన సహాయక ఉద్యోగి ఈ చిక్కును అధ్యయనం మొదలుకాకముందే పసిగడతారు. జబ్బు పేరు లేని పొట్టి పేరును గాని, గ్రాంటు సంఖ్యను మాత్రమే గాని రశీదు మీద వేయిస్తారు. పేరుకూ పరిశోధనా సంఖ్యకూ ముడి చూపే జాబితాను విడిగా తాళం వేసిన చోట ఉంచుతారు. సంఖ్యల ఆధారంగానే చెల్లింపు నమోదు చేసి, అసలు పేర్లున్న పుస్తకాన్ని ఆడిటర్ కోరినప్పుడు కేంద్రంలోనే చూపించే ఏర్పాటుకు అకౌంట్స్ అధికారుల నుంచి ముందుగానే లిఖితపూర్వక అనుమతి తెచ్చుకుంటారు. అది కుదరని పక్షంలో, డబ్బు అందాలంటే ఫలానా విభాగానికి పేరు తెలుస్తుందని సమ్మతి పత్రంలోనే స్పష్టంగా రాయించమని పరిశోధకులను కోరుతారు. సమావేశాన్ని గుర్తుచేసే ఫోను కూడా ఇటువంటిదే. ఫోను ఇంట్లో మరొకరు ఎత్తితే ఏం చెప్పాలి, ఎక్కడ ఆపాలి, సందేశం వదలవచ్చా అన్నవి ముందే రాసిపెట్టుకొని, ఫోను చేసే ప్రతి ఒక్కరి చేత చదివించాలి.

చెల్లింపు ఎంత త్వరగా జరుగుతుందన్నది ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయమని నా అభిప్రాయం. విశ్వవిద్యాలయాల చెల్లింపు పద్ధతులు పెద్ద సరఫరాదారులను దృష్టిలో పెట్టుకొని తయారైనవి. కొత్త వ్యక్తికి డబ్బు ఇవ్వాలంటే ముందు వెండర్‌గా నమోదు చేయాలి, బ్యాంకు వివరాలు తీసుకోవాలి, ఆ తరువాత బిల్లు మూడు నాలుగు సంతకాలు దాటాలి. రోజు కూలీ వదులుకొని సలహా మండలి సమావేశానికి వచ్చిన మనిషి అన్నాళ్లు ఆగలేరు. బస్సు ఛార్జీ ముందు తానే పెట్టుకొని తరువాత తీసుకోవాలనే పద్ధతి, రాగలిగినవారిని, రాలేనివారిని అప్పుడే వేరుచేస్తుంది. కాబట్టి ఈ ఉద్యోగానికి వెళ్లేవారు తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటుంది: కేంద్రం చేతిలో ఇంప్రెస్ట్ సొమ్ము (చిన్న ఖర్చులకు ముందుగానే ఇచ్చి ఉంచే నగదు) ఉందా, ఉంటే దాన్ని ఖర్చు చేసే అధికారం ఎవరిది? సమావేశం ముగిసిన రోజునే డబ్బు చేతికిచ్చే ఏర్పాటున్న కేంద్రానికీ, నెలల తరబడి ‘ప్రాసెస్‌లో ఉంది’ అని చెప్పించే కేంద్రానికీ మధ్య జీతంలో కొంత తేడా ఉన్నా సరే, మొదటిదే ఎంచుకోదగినది. రెండో చోట ప్రజల నిష్ఠూరం వినవలసింది మీరే అయినా, దాన్ని తీర్చే అధికారం మాత్రం మీకు ఉండదు.

సమావేశ వివరాలు రాయడం కూడా చిన్న పనిగా కనిపించే పెద్ద బాధ్యత. సలహా మండలిలోని ఒక సభ్యురాలు ప్రశ్నావళిలోని ఒక ప్రశ్న తమవారిని కించపరుస్తోందని గట్టిగా చెప్పినప్పుడు, ‘ఈ అంశంపై చర్చించడమైనది’ అని ఒక్క వాక్యంతో ముగించవచ్చు. లేదా ఆమె అభ్యంతరమేమిటి, పరిశోధకులు ఏం జవాబిచ్చారు, ఎప్పటిలోగా మారుస్తామన్నారు అనేవి నమోదు చేయవచ్చు. తరువాతి సమావేశంలో ఆ ప్రశ్న మారిందో లేదో అడిగే ఆధారం రెండో పద్ధతిలోనే దొరుకుతుంది. ఆ వివరాలను సభ్యులందరికీ అర్థమయ్యే భాషలో, సమావేశానికి ముందుగానే పంపే ఆనవాయితీ ఉందో లేదో తెలుసుకుంటే ఆ కేంద్రం సమాజ భాగస్వామ్యాన్ని ఎంత మనసుపెట్టి చేస్తోందో తెలిసిపోతుంది.

ప్రాజెక్టు కార్యాలయానికి ఉన్న పెద్ద బలహీనత దాని ఆయుష్షు. జీతం గ్రాంటు నుంచి వస్తుంది, గ్రాంట్లు సాధారణంగా కొన్నేళ్లకు మించవు. గ్రాంటు ముగిసినప్పుడు ఉద్యోగి ఒక్కరే వెళ్లిపోరు, ఏ కాగితం ఎక్కడుందో తెలిసిన జ్ఞాపకం కూడా వారితో వెళ్లిపోతుంది. దాని ఫలితం ఎంత దూరం పోగలదో హవసూపాయ్ తెగ అనుభవం చూపిస్తుంది. అమెరికాలో గ్రాండ్ కాన్యన్‌లో నివసించే ఈ తెగవారి నుంచి 1990 ప్రాంతంలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు రక్త నమూనాలు తీసుకున్నారు. అది మధుమేహం గురించేనని తెగవారు అనుకున్నారు. ఆ నమూనాలను స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి మీద, తమ పూర్వీకుల వలసల మీద జరిగిన అధ్యయనాలకు కూడా వాడారని తరువాత తెలిసింది. వ్యాజ్యం 2010లో రాజీతో ముగిసింది. విశ్వవిద్యాలయం 41 మంది తెగ సభ్యులకు 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన నమూనాలను తిరిగి అప్పగించింది. సమ్మతి పత్రంలో రాసినదానికీ, నోటితో చెప్పినదానికీ మధ్య ఎడం ఏర్పడినప్పుడు, ఏ రోజున ఎవరికి ఏమని వివరించారో చెప్పే నమోదు ఉంటే సమస్య తొలిదశలోనే బయటపడే అవకాశం ఉంటుంది. నమూనాను, సమ్మతి పరిధిని, వాడుకను ఒకే పట్టికలో జతచేసి ఉంచడం, ప్రాజెక్టు ముగిసేటప్పుడు దాన్ని ఎవరికి అప్పగించారో రాసిపెట్టడం సహాయక సిబ్బంది పనే. అందుకే కాంట్రాక్టు ఉద్యోగంలో చేరేవారు ముగింపు తరువాత ఫైళ్ల బాధ్యత ఎవరు తీసుకుంటారని ముందే అడగాలి.

నాలుగవ ఎంపిక విభాగ కార్యాలయం, అంటే సామాజిక వైద్యం, ప్రజారోగ్యం వంటి విభాగంలోని సాధారణ పరిపాలనా ఉద్యోగం. తరగతుల పట్టికలు, అధ్యాపకుల సెలవులు, కొనుగోళ్ల మధ్య పరిశోధన ఒక చిన్న వాటాగా ఉంటుంది. స్థిరత్వం కావాలి, సమాజ పరిశోధన ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలి అనుకునేవారికి ఇది పనికొస్తుంది. అదే తమ ప్రధాన పని కావాలనుకునేవారికి మాత్రం త్వరలోనే వెలితిగా అనిపిస్తుంది.

చాలామంది పరిగణనలోకి తీసుకోని ఎంపిక మరొకటుంది. విశ్వవిద్యాలయంతో ఒప్పందం కుదుర్చుకున్న సామాజిక సంస్థలోనే పరిపాలనా ఉద్యోగం చేయడం. ఇక్కడ ప్రజలకు అత్యంత సమీపంగా ఉంటాం, నిర్ణయాలు వేగంగా జరుగుతాయి, ఒక్కరే పది రకాల పనులు నేర్చుకుంటారు. అయితే ఉప ఒప్పందాలు చాలావరకు ముందు ఖర్చు పెట్టి తరువాత బిల్లు పంపే పద్ధతిలో ఉంటాయి కాబట్టి, విశ్వవిద్యాలయంలో బిల్లు ఆలస్యమైతే ఆ భారం నేరుగా చిన్న సంస్థ జీతాల మీద పడుతుంది. ఈ ఉద్యోగానికి వెళ్లేవారు సంస్థ చేతిలో ఎన్ని నెలల ఖర్చుకు సరిపడా నిల్వ ఉందో మొహమాటం లేకుండా అడగాలి. సమాచారం మీద హక్కు ఎవరిదన్న విషయం కూడా ఇక్కడే స్పష్టంగా అనుభవానికి వస్తుంది. కెనడాలోని ఫస్ట్ నేషన్స్ ప్రజలు తమ సమాచారంపై యాజమాన్యం, నియంత్రణ, అందుబాటు, స్వాధీనం తమకే ఉండాలనే సూత్రాలను రూపొందించుకున్నారు. దక్షిణాఫ్రికాలోని సాన్ ప్రజలు 2017లో తమ సొంత పరిశోధనా నైతిక నియమావళిని ప్రకటించి, పరిశోధకుల నుంచి గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ కోరారు. ఇటువంటి నియమాలు ఉన్న చోట, పరిశోధకుల అభ్యర్థనలు తీసుకోవడం, వాటిని సమాజ ప్రతినిధుల ముందు పెట్టడం, నిర్ణయాన్ని తిరిగి తెలియజేయడం కూడా పరిపాలనా సిబ్బంది విధుల్లోకి వస్తాయి. సహాయక ఉద్యోగంలో ఇంతకన్నా గౌరవప్రదమైన స్థానం ఉంటుందని నేను అనుకోను.

కార్యాలయంతో పాటు పరిశోధన తీరును కూడా చూసుకోవాలి. అమెరికాలో 1948లో 5,209 మందితో మొదలైన ఫ్రేమింగ్‌హామ్ హృద్రోగ అధ్యయనం వారి పిల్లల తరానికీ, 2002 నుంచి మూడో తరానికీ విస్తరించింది. ఇటువంటి దీర్ఘకాల అధ్యయనంలో చిరునామాలు మారినవారిని వెతకడం, మరణాలను మర్యాదగా నమోదు చేయడం, కుటుంబాలకు ఉత్తరాలు రాయడం వంటి పనులు ఎక్కువ. మందులను, చికిత్సలను మనుషులపై పరీక్షించే క్లినికల్ ట్రయల్‌లో ఫైలు క్రమశిక్షణ, గడువులు ప్రధానం. ప్రజలే ప్రశ్నను నిర్ణయించే భాగస్వామ్య పరిశోధనలో ప్రణాళిక తరచూ మారుతుంది, సమావేశాలు సాయంత్రాలు, సెలవు రోజుల్లో జరుగుతాయి. ఆ వేళలకు ప్రతిగా సెలవు ఇస్తారో లేదో తెలుసుకోకుండా చేరడం మంచిది కాదు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో 2004లో మొదలైన రెడ్‌క్యాప్ వంటి సమాచార సేకరణ సాఫ్ట్‌వేర్ ఈ మూడింటిలోనూ ఉపయోగపడుతుంది కాబట్టి, దాన్ని నేర్చుకోవడం ఎక్కడికి వెళ్లినా వృథా కాదు.

ఇప్పుడు నా సలహా సూటిగా చెబుతాను. ఇది మొదటి ఉద్యోగమై, ఇంటి బాధ్యతల వల్ల ఆదాయం ఆగిపోకూడని పరిస్థితి ఉంటే, ఎథిక్స్ కమిటీ కార్యాలయంతో మొదలుపెట్టడం మంచిది. అక్కడ నేర్చుకున్నది ఈ రంగంలో ఏ మూలకు వెళ్లినా అక్కరకొస్తుంది. మనుషులతో పని ఇష్టపడేవారు, కొంత అనిశ్చితిని భరించగలవారు ప్రాజెక్టు కార్యాలయాన్ని ఎంచుకోవచ్చు. అయితే గ్రాంటుకు ఇంకా కనీసం రెండేళ్ల గడువు మిగిలి ఉండాలి, ఆ కేంద్రానికి ఒకటికి మించిన నిధుల ఆధారాలు ఉండాలి. ఇప్పటికే లెక్కల అనుభవం ఉన్నవారికి గ్రాంట్ల కార్యాలయం సరైనది, ముఖ్యంగా చిన్న సంస్థలతో ఉప ఒప్పందాలు చూసే విభాగం. పరిశోధన జరిగే సమాజంలోనే పుట్టిపెరిగినవారికి మాత్రం సామాజిక సంస్థను నేను ముందుగా సూచిస్తాను. విశ్వవిద్యాలయంలో చేరితే, పరిశోధకులు చేయవలసిన సంజాయిషీలన్నీ తమవారి ముందు తామే చేయవలసి వస్తుంది. ఆ స్థితి మనసును బాగా నలిపేస్తుంది.

ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు జీతభత్యాలతో పాటు మరికొన్ని విషయాలు అడగడానికి సంకోచించవద్దు. సలహా మండలి చివరిసారి ఎప్పుడు కూర్చుంది, దాని మాట మీద పరిశోధనలో ఏం మారింది, సమావేశానికి వచ్చినవారికి డబ్బు ఎన్ని రోజుల్లో అందుతోంది, ముందు ఈ ఉద్యోగంలో ఉన్నవారు ఎందుకు వెళ్లిపోయారు, పాల్గొన్నవారి ఫిర్యాదు నేరుగా మీ దగ్గరికి వస్తే దాన్ని ఎవరికి, ఎంత వ్యవధిలో చేర్చాలి అని అడగండి. వీటికి ప్రధాన పరిశోధకులు తడుముకోకుండా జవాబు చెబితే అది మంచి గుర్తు. ఫలితాలను ప్రజలకు తిరిగి చెప్పే సమావేశానికి బడ్జెట్‌లో ప్రత్యేకంగా డబ్బు కేటాయించారో లేదో కూడా అడిగి, ఆ పట్టికను చూపించమనండి. చాలా ప్రాజెక్టుల్లో చివరికి డబ్బు చాలక ఆగిపోయే పని అదే. ఇక చేరాలని నిర్ణయించుకుంటే, ఇంప్రెస్ట్ సొమ్ము మీద మీకున్న అధికార పరిమితిని, సాయంత్రపు వేళలకు బదులు సెలవును, మానవ పరిశోధన నైతికతపై శిక్షణకు ఇచ్చే పనివేళలను నియామక పత్రంలోనో, దానికి జతచేసిన ఉత్తరంలోనో రాయించుకొని, ఆ తరువాతే సంతకం చేయండి.